బాతులు తిరిగొచ్చిన రోజు

ఈ ఉదయం మా ఇంటి మీదుగా కెనడా బాతుల గుంపు అరుచుకుంటూ ఉత్తరానికి వెళ్ళింది. నలభై ఏళ్ళయినా ఆ అరుపు వింటే నా అరికాళ్ళు చల్లబడతాయి.

ఎనభైల మొదట్లో మేం అమెరికాలోని మిన్నెసోటాలో ఉండేవాళ్ళం. నాకు ఏడేళ్ళు. ఇంటి వెనక గడ్డకట్టిన చెరువు మీదే చలికాలమంతా ఆడుకున్నాను. ఏప్రిల్‌లో ఆ ఏడాది మొదటి బాతులు వచ్చి వాలాయి. దగ్గరగా చూడాలని ఐస్ మీద నడుచుకుంటూ వెళ్ళాను. అవి ఒక్కసారిగా లేచిపోయాయి. అదే క్షణంలో నా కాళ్ళ కింద ఫట్‌మంది. బూట్లలోకి నీళ్ళొచ్చాయి.

“కదలకు! బోర్లా పడుకో!” ఒడ్డు మీంచి అమ్మ కేక.

ఆ రోజుల్లో మన అమ్మలంతా చీర మీదే కోటు వేసుకునేవారు, గుర్తుందా? అమ్మ అలాగే ఐస్ మీద పొట్టతో పాకుతూ మంచు మీద జారే నా ప్లాస్టిక్ స్లెడ్‌ని ముందుకి నెట్టింది.

“దాన్ని పట్టుకో తల్లీ, వదలకు.”

దాని తాడు పట్టుకుని, వెనక్కి పాకుతూ నన్ను లాగింది. దారి పొడుగునా కింద ఐస్ కిర్రుమంటూనే ఉంది.

ఒడ్డు చేరాక వీపు మీద ఒక్కటిచ్చి, గట్టిగా వాటేసుకుంది. ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

“అమ్మా, కోల్డ్‌గా ఉందా?”

“కాదే, భయం,” అంది.