పొద్దుటి పలావు

ఒక మనిషికి తండ్రి పోయిన మర్నాడు పొద్దున్నే నలభై మందిని పోగేసి, బిడ్డ పుట్టినందుకు అభినందనలు చెప్పించిన ఘనత నాది. తెలిసి చేసింది కాదు. అయినా చేసింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

దోహాలో ప్రపంచ కప్ కోసం స్టేడియంలు లేస్తున్న రోజులవి. మా కంపెనీ క్యాంపు సనయ్యలో ఉండేది. సనయ్య అంటే ఇండస్ట్రియల్ ఏరియా. ఆ క్యాంపు మెస్‌లో నేను పెద్ద వంటవాణ్ణి. మాది గోదావరి జిల్లా. వంట దగ్గర మావాళ్ళకి కొంచెం అతిశయం అంటారు. కొంచెం అనడం మమ్మల్ని తక్కువ చెయ్యడమే.

ఆ చలికాలం మా క్యాంపుకి సమర్‌ఖండ్ నుంచి ఒక వెల్డర్ వచ్చాడు. ముప్ఫై లోపు మనిషి, ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. మొదటిరోజు ప్లేటు పట్టుకుని నా ముందుకొచ్చి, చెయ్యి గుండె మీద పెట్టుకుని "అకా" అన్నాడు. వెనక లైన్లో తెలుగువాళ్ళంతా ఘొల్లున నవ్వారు, ఇంత మీసం ఉన్న నన్ను పట్టుకుని అక్కా అంటున్నాడని. వాళ్ళ భాషలో అకా అంటే అన్నయ్యట. అది మాకు తెలిసేసరికి వారం పట్టింది. ఈలోగా నా కింద పనిచేసే, నిర్మల్ జిల్లా నుంచి వచ్చిన నిర్మల్ ఆయన "అక్కా, ఉప్పు సరిపోయిందా సూడు" అనడం మొదలుపెట్టేశాడు.

సమర్‌ఖండ్ వాడి హిందీ సినిమాల్లోంచి వచ్చింది. దానికి క్యాంపులో దొరికిన అరబ్బీ ముక్కలు అతికించుకున్నాడు. ఆ భాషతోనే రోజూ డ్యూటీ అయ్యాక నా పక్కన ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని, వాళ్ళ ఊళ్ళో ఎక్కడెక్కడ ఏం తినాలో చెప్పేవాడు. నేనేదో వచ్చేవారం బయల్దేరుతున్నట్టు చెప్పేవాడు. పొద్దున్నే పాత బజారుకెళ్ళి రొట్టె కొనాలి. గుండ్రటి రొట్టె, మధ్యలో పువ్వు అచ్చు, పైన మెరుపు. దానికి కత్తి తగిలించకూడదు, చేత్తో తుంచాలి, బోర్లా పెట్టకూడదు. తరవాత సంసా తినాలి. పేరుకి మన సమోసాకి చుట్టమే గానీ నూనెలో వేగదు, తందూరు గోడకి అంటుకుని కాలుతుంది. టీ తాగాలంటే చెట్ల కింద మంచం లాంటి బల్ల ఎక్కి మఠం వేసుక్కూర్చోవాలి. పాలు ఉండవు. గిన్నెలో అడుగున కాస్తే పోస్తారు. నిండా పోస్తే తాగేసి వెళ్ళిపొమ్మని అర్థమట.

"మా వైపు అలా అడుగున పోస్తే కుదిరిన సంబంధం కూడా చెడిపోద్దయ్యా" అన్నాను. అర్థం కాకపోయినా నవ్వాడు.

అన్నిటికంటే ముందు వెళ్ళాల్సింది మాత్రం వాళ్ళ నాన్న దగ్గరికి. నీలం గుమ్మటాల వెనక సందులో ఆయనకి పలావు కొట్టు ఉంది. పలావుని వాళ్ళు ఓష్ అంటారు. తెల్లారకముందే పొయ్యి వెలిగిస్తే పదకొండుకల్లా బాన ఖాళీ. మధ్యాహ్నం వెళ్ళినవాడికి తాళమే కనపడుతుంది. అవిసె నూనె, వేటమాంసం, పసుపురంగు క్యారెట్, లావు బియ్యం. గరిటె పెట్టి కలపరు, పొరలు పొరలుగా తీసి పెడతారు.

"మరి కారం?"

"మాఫీ."

"గరం మసాలా?"

"మాఫీ."

గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే లేదు అని. క్యాంపులో అన్ని దేశాలవాళ్ళం కలిసి వాడే మాట అది. బస్సు మాఫీ, నీళ్ళు మాఫీ, నెట్ మాఫీ. "కారం మాఫీ, మసాలా మాఫీ, ఇంక పలావెక్కడిది, అదీ మాఫీయే" అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం నేను. అతను నొచ్చుకోలేదు. పాపా చేతి వంట తిని అప్పుడు మాట్లాడమన్నాడు.

అతని భార్యకి నెలలు నిండాయని క్యాంపంతటికీ తెలుసు. సిగ్నల్ కోసం రోజూ డాబా ఎక్కి మాట్లాడి వచ్చేవాడు. ఒక గురువారం సాయంత్రం అలాగే దిగొచ్చి మెస్ గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెల్డర్ కళ్ళు ఎప్పుడు తెల్లగా ఉన్నాయి గనక!

"ఘర్ సే ఫోన్" అన్నాడు. తరవాత "పాపా మాఫీ" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. "కల్ సుబా ఓష్. సబ్ కో."

నాకు అర్థమైంది ఇదీ: ఇంట్లో ప్రసవమైంది, రేపు పొద్దున అందరికీ పలావు పెట్టాలి, వండటానికి నాన్న ఇక్కడ లేడు. "పాపా మాఫీ అయితే ఏం, నేను లేనూ!" అని భుజం చరిచాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది?

ఇద్దరం అబూ హమూర్ మార్కెట్‌కి వెళ్ళి వేటమాంసం, క్యారెట్, లావుగా ఉందని ఈజిప్టు బియ్యం తెచ్చాం. తిరిగొచ్చి నేను గది గదికీ కబురు చెప్పాను. శుక్రవారం సెలవు కాబట్టి తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాం. అతను వండాడు, నేను అందించాను. బియ్యం కడుగుతూ, వెల్లుల్లి గడ్డలు గుచ్చుతూ ఒక్క మాటా లేదు. నాన్న పేరు నిలబెట్టాలని భయం కాబోలు అనుకుని, నా వంతుగా పక్క పొయ్యి మీద గోధుమపిండి హల్వా చేశాను. బిడ్డ పుడితే తీపి లేకుండా ఎలా?

జనం వచ్చారు. ఎక్కువమంది తెలుగువాళ్ళే. నిర్మల్ ఆయన విజిల్ వేసి మరీ వెళ్ళి కౌగిలించుకున్నాడు. "సల్లగుండాలె తమ్మీ! కొడుకా, బిడ్డా?" అన్నాడు. అతను తలూపాడు. "రెండూనా?" అన్నారెవరో. దానికీ తలూపాడు. అందరూ నవ్వుతూ ఒక్కొక్కరే వెళ్ళి పట్టుకున్నారు. పలావు నిజంగా బాగుంది. చివర అతను అరచేతులు తెరిచి ఏదో ప్రార్థన చేశాడు. మేము ఆమెన్ అనేవాళ్ళం ఆమెన్, ఆమీన్ అనేవాళ్ళు ఆమీన్ అని లేచాం.

బాన తోముతుంటే అతను ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. ఒక గుమ్మం ముందు నడుముకి గుడ్డ కట్టుకున్న మగవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఇదేదో వాళ్ళ బారసాల అనుకున్నాను. తరవాతి ఫోటోలో భుజాల మీద గుడ్డ కప్పిన పాడె ఉంది. దాని మీద వేలు పెట్టి "పాపా" అన్నాడు.

ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని కూడగట్టుకున్నాను. పోయిన పూటే పూడ్చేస్తారు, ఇక్కణ్ణుంచి ఎంత పరుగెత్తినా కడచూపు అందదు. ఊళ్ళో మగవాళ్ళంతా గుమ్మం దగ్గరికొచ్చి కొడుకుల్ని కౌగిలించుకుంటారు. తరవాత పొద్దున్నే ఓష్ పెడతారు. ఆ గుమ్మం దగ్గర తను లేనని రాత్రంతా ఏడ్చాడట. "ఇక్కడ నలభై మంది వచ్చి పట్టుకున్నారు అకా. మీవాళ్ళు నవ్వుతూ ధైర్యం చెప్తారు, మంచి పద్ధతి" అన్నాడు. పోయినవాళ్ళ పేరు మీద వాళ్ళు పిండి హల్వా చేస్తారట. అది నాకెలా తెలుసని అడిగాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. మనమూ పోయినవాళ్ళని లేరు అంటాం. "మా నాన్న లేరండి" అని నేనే ఎంతమందితో అన్నానో లెక్కలేదు. అదే మాట ఇంకో భాషలో వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయాను. కానీ ఇప్పుడు నిజం చెప్తే అతనికి మిగిలిన ఆ నలభై కౌగిళ్ళూ పోతాయి. నోరు మూసుకుని బాన తోమాను. అక్కడ ఆరాధన శుక్రవారమే కాబట్టి ఆ పూట చర్చికి వెళ్ళాను గానీ పాట నోట్లోంచి రాలేదు.

అసలు గండం ముందుంది. రేపో మాపో నిజంగా బిడ్డ పుడుతుంది. అప్పుడు ఎవడో ఒకడు "మళ్ళీనా?" అంటాడు. అంతే, తండ్రి పేరున జరిగిందంతా నవ్వులాట అని తెలిసిపోతుంది. ఆ సాయంత్రమే మళ్ళీ గది గదికీ వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. నిర్మల్ ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"అయ్యో, నేను సీటీ గొట్టిన గదనే! ఇప్పుడు పోయి పట్టుకుందామా అన్నా?"

"ఇప్పుడు ఏడిస్తే పొద్దున్నెందుకు నవ్వారని అడుగుతాడు. ఎవరూ నోరు మెదపొద్దు."

నలుగురికి తెలిసిన మాట క్యాంపులో ఒక్కరోజు దాగదు. నలభై మందికి తెలిసిన ఈ మాట దాగింది. బస్సులో కిటికీ పక్క సీటు అతనికే వదిలేసేవారు. టీ అతనికే ముందు అందేది. ఎందుకో అతనికి తెలియదు.

ఇరవై రోజులు గడిచాయేమో. రాత్రి భోజనాల వేళ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. "అకా! బేటా!" అని గుమ్మంలోంచే అరిచాడు.

ఎవరూ విజిల్ వెయ్యలేదు. నిర్మల్ ఆయన తింటున్న అన్నం వదిలేసి లేచాడు. ఎంగిలి చెయ్యి దూరంగా పెట్టుకుని రెండో చేత్తో అతన్ని గట్టిగా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. అతని వెనక ఇంకొకడు లేచాడు. ఆ వెనక ఇంకొకడు. మెస్‌లో బెంచీలన్నీ చప్పుడు చేస్తూ జరిగాయి.

వాళ్ళ భుజాల మీద నుంచి అతను నావైపు చూశాడు. "అకా, బేటా హువా. యే సబ్ రోతా క్యూఁ?" అన్నాడు, కొడుకు పుడితే వీళ్ళంతా ఏడుస్తారేమిటని.

గరిటె కింద పెట్టి, వెళ్ళి లైన్లో చివర నిలబడ్డాను.