ఉప్పునీటి పేజీ

పోయిన వారం సామర్లకోట స్టేషన్లో రాజమండ్రి బండి కోసం కూర్చున్నప్పుడు, నా పక్కన ఒకావిడ తన తల్లికి ఫోనులోంచి ఏదో చదివి వినిపిస్తోంది. గోదావరిలో చీరమేను అనే సన్న చేపపిల్లలు ఏ నెలల్లో వస్తాయి, వాటిని పట్టడానికి వల పనికిరాక గుడ్డ ఎందుకు వాడతారు అన్న సంగతులవి. రెండో వాక్యం వినేసరికి అవి నేను రాసిన మాటలేనని గుర్తుపట్టాను. చదవడం అయ్యాక, పేజీ అడుగున విరాళం కోరుతూ ఉన్న చిన్న గడి దగ్గర ఆవిడ వేలు కాసేపు ఆగింది. ఏదో కొంత పంపి, ఫోను సంచిలో పడేసుకుని, తల్లికి మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. నేను పలకరించలేదు. కానీ బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మనసు తేలికపడి, ఆ పేజీ ఉన్న మా ఇంటర్నెట్ విజ్ఞానకోశం ఆగిపోతుందేమోనని మేము బెంగపడ్డ రోజులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

కోశం మొదలుపెట్టింది మా తమ్ముడు. టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగం ముందుగానే వదులుకుని ఇంటికొచ్చాక, గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళూ లంకలూ కాలవలూ పంటలూ పడవలూ చేపలూ, వీటి గురించి తెలిసినదంతా ఎవరైనా పైసా కట్టకుండా చదువుకునేలా ఇంటర్నెట్లో పెట్టాలని పట్టుబట్టాడు. ప్రకటనలు వేయకూడదు, తప్పు కనిపిస్తే చదివినవాళ్ళే దిద్దే వీలుండాలి అన్నవి అతని నియమాలు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి అప్పటికే రిటైరయ్యాను కనుక రాయడం, సరిచూడడం నా వంతుకొచ్చాయి. పాత పుస్తకాలు చూసి టైపు చేయడానికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవారు. ఇద్దరికీ ఆ జీతమే ఇంటికి ఆధారం.

ఈ జీతాలనూ, సర్వర్ అద్దెనూ భరించినది తమ్ముడితో బడిలో చదువుకున్న ఒకాయన. కాకినాడ వైపు రొయ్యల చెరువులతో బాగా సంపాదించాడు. పైకి వచ్చినవాళ్ళు పాత స్నేహితుల్ని తప్పించుకు తిరగడం మన తరం వాళ్ళం చాలానే చూశాం గాని, ఈయన అలాంటివాడు కాదు. ఏటా తనే ఫోను చేసి ఎంత కావాలో అడిగి పంపేవాడు. మేమూ నిశ్చింతగా ఉండి, ఇంకెవర్నీ అడగవలసిన అవసరం ఉంటుందని అనుకోలేదు.

చీరమేను సంగతులు నాకు చెప్పింది యానాం దగ్గర నుంచి వారానికి రెండుసార్లు చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ఆవిడ. గంప దించి, చేప బాగుచేస్తూ, వలల పేర్లూ సముద్రపు పోటు పాటు లెక్కలూ చెబుతుంటే నేను పక్కన కూర్చుని రాసుకునేదాన్ని. ఒకరోజు ఆవిడ, తమ వీధి బావి నీళ్ళతో పప్పు ఉడకడం లేదనీ, చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక నీళ్ళు ఉప్పెక్కాయనీ చెప్పి, మరుసటిసారి ఒక సీసాలో ఆ నీళ్ళు తెచ్చింది. నేను పాత కాలేజీకి వెళ్ళి ల్యాబ్‌లో పరీక్షించాను. సిల్వర్ నైట్రేట్ చుక్కచుక్కగా వేస్తూ పోతే, నీళ్ళలో ముందే కలిపిన పసుపు రంగు ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఎంత ఎక్కువ చుక్కలు పడితే అంత ఎక్కువ ఉప్పన్నమాట. ఈ నీళ్ళలో రంగు ఎంతకీ తిరగలేదు. ఆ చుట్టుపక్కల మరికొన్ని బావులు చూసి, కనుగొన్నదంతా ఒక పేజీగా రాసి కోశంలో పెట్టాను. ఎవరి చెరువులూ పేరుతో చెప్పలేదు, ఊరి పేరు మాత్రం ఉంది.

నెల తిరక్కుండానే, మాకు డబ్బు పంపే ఆ రొయ్యల చెరువుల పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, చాలా మర్యాదగానే మాట్లాడాడు.

"అక్కయ్యగారూ, మీరు తప్పు రాశారని నేననట్లేదండి. ఆ ఒక్క పేజీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి చాలు. ఆ ఊళ్ళో చెరువులన్నీ మావేనని అందరికీ తెలుసు కదండి."

నేను జవాబు చెప్పేలోగా తమ్ముడు, ఆలోచిస్తామని చెప్పి ఆయన్ని సాగనంపాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ వారం రోజులు సరిగ్గా మాటల్లేవు. ఒక్క పేజీ కోసం వేల పేజీలు మూసుకుంటామా, టైపు చేసే ఆ ఇద్దరినీ ఇంటికి పంపేస్తామా అని అతని వాదన. ఆ ఇద్దరి మొహాలు చూస్తే నాకూ అతని మాట కాదనబుద్ధి కాలేదు. నిజం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది గాని, చివరికి నేనే సరేనన్నాను. పేజీ కనబడకుండా చేశాం.

రెండు వారాల తర్వాత చేపలావిడ గంప లేకుండా వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళంతా కలిసి నీళ్ళ సంగతి చెప్పుకోవడానికి అధికారుల దగ్గరకు వెళ్ళారట. ఈవిడ కోడలు ఫోనులో మా పేజీ చూపిద్దామని తెరిచిందట.

"మాస్టారమ్మగారు పరీక్ష చేసి రాశారని గట్టిగా చెప్పామండి. తెరిస్తే లేదండి. అబద్ధమాడామనుకున్నారండి ఆళ్ళు," అంది. కోపంగా అనలేదు. "మళ్ళీ నీళ్ళు తెమ్మంటే తెస్తానండి, ఏంటి తప్పొచ్చిందో చూడండి."

తన నీళ్ళలోనే తప్పుందనుకుంది ఆవిడ. తమ్ముడు లోపలి నుంచి విన్నాడు. బయటికి వచ్చి, "తప్పు నీళ్ళలో లేదమ్మా, మా దగ్గరుంది," అని, ఆవిడ కూర్చుని ఉండగానే పేజీ మళ్ళీ తెరిచి చూపించాడు. ఆ సాయంత్రమే పెద్దాయనకు ఫోను చేసి చెప్పేశాడు. ఆయన సరేనని పెట్టేశాడట. ఆ తర్వాత ఆయన డబ్బు రావడం ఆగిపోయింది.

అప్పుడు తమ్ముడు కోశం మొదటి పేజీ మీద ఒక ఉత్తరం పెట్టాడు. ఎవర్నీ తప్పుపట్టకుండా, ఒక పేజీ దాచామనీ, అందుకు సిగ్గుపడుతున్నామనీ, ఇకపై నడవాలంటే చదివేవాళ్ళే తలా కాస్త చెయ్యి వేయాలనీ రాశాడు. నాలుగు రోజులు ఏమీ రాలేదు. టైపు చేసే ఇద్దరిలో పెద్దావిడ తన డ్రాయరు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఐదో రోజు నుంచి తమ్ముడి ఫోను మోగడం మొదలైంది. కోనసీమ నుంచి ఒక పూజారిగారు తన దక్షిణలోంచి కొంత పంపారు. నేను ఎప్పుడో పాఠం చెప్పిన పిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు, నెలనెలా ఇస్తామన్నారు. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దించేవాళ్ళు పదిమంది కలిసి పంపిన డబ్బుతో పాటు ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. చక్రకేళి అరటి గురించి అంత రాసి కర్పూరం రకం గురించి రెండు ముక్కలేనా అని. చేపలావిడ డబ్బివ్వలేదు గాని, ఆ ఏడాదంతా మెత్తళ్ళ చేపలకు మా దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. ఎంత చెప్పినా, "ఆయ్, నా వంతండి అది," అనేది. డ్రాయరు సర్దుకున్నావిడ సామానంతా తిరిగి పెట్టుకుంది.

ఏడాది గడిచాక పెద్దాయన నాకే ఫోను చేశాడు.

"ఆ పేజీ అలాగే ఉంచండి అక్కయ్యగారూ. కొన్ని చెరువులు మంచినీటి చేపలకి మార్చామండి. వీలుచూసుకుని వచ్చి నీళ్ళు మళ్ళీ పరీక్షించి, ఎంతుంటే అంతే రాయండి. డబ్బు మాత్రం వద్దనకండి."

వెళ్ళాను. ఉప్పు తగ్గింది, కానీ పోలేదు. అలాగే రాశాను. ఆయన మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టాడు గాని, తమ్ముడు ఈసారి ఆయన దగ్గర కొంతే పుచ్చుకున్నాడు. "ఒక్క రాట తీస్తే కూలిపోయే పందిరి మళ్ళీ వెయ్యను అక్కా," అన్నాడు. ఆ వేళ నాకు పట్టిన నిద్ర ఏళ్ళ తరబడి ఎరగను.

ఇప్పుడు కోశం నడిపేవాళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నారు, నాకన్నా బాగా రాస్తారు. విరాళాలు ఎక్కడెక్కడి నుంచో, ఎవరెవరి దగ్గర నుంచో వస్తున్నాయి. ఒకప్పుడు ఇచ్చిన ప్రతి మనిషికీ తమ్ముడు స్వదస్తూరితో కార్డు రాసేవాడు, ఇప్పుడు ఆ కృతజ్ఞతలు కంప్యూటరే క్షణంలో పంపేస్తుంది. మన కాలంలో తెలియనిది తెలుసుకోవాలంటే తెలిసినవారింటికి వెళ్ళి, వాళ్ళకి తీరిక చిక్కేదాకా కూర్చునేవాళ్ళం. ఆ కూర్చోవడంలో అడిగినది సగమైనా తెలిసేది, అడగని కష్టసుఖాలు బోలెడు తెలిసేవి. ఇప్పుడెవరూ ఎవరి గుమ్మం ముందూ కాచుకోనక్కర్లేదు. మా ఇంటికీ ఎవరూ రారు. మేము పాటుపడింది సరిగ్గా అందుకే కనుక, వెలితిగా ఉందని అనడానికి నాకు నోరు రాదు. మధ్యాహ్నాలు మాత్రం మునుపటికన్నా పొడుగ్గా ఉంటున్నాయి.