మా అమ్మాయి తుపాకికి నా సాక్ష్యం

బియ్యం, పప్పులు కొనడానికనుకుని కారెక్కిన నేను తుపాకుల దుకాణం ముందు దిగాను. రెండువేల దశకం నడిమి సంవత్సరాలవి. ఆక్లాండ్‌కు దక్షిణాన, పాపటోయిటోయిలో, మా అమ్మాయి ఇంట ఉంటున్నాను. అల్లుడు వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తూ శుక్రవారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు.

అమ్మాయి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది. ఈ దేశం వచ్చాక ఆ చదువును అటకమీద పెట్టి, విమానాశ్రయం పక్కనున్న గిడ్డంగిలో అట్టపెట్టెలకు చీటీలు అతికిస్తూ ఏళ్లు గడిపింది. ఎట్టకేలకు విద్యకు తగిన కొలువొకటి దొరికింది. అడవిలో మొలకలను గుర్తించి, అవి చెట్లయ్యేదాకా కాపాడే పని అది. ఇంతవరకే నాకు తెలుసు. తక్కినది ఆనాడు కారులో చెప్పింది.

"మొలకలు మొలిచినవి మొలిచినట్టే జింకలు మేసేస్తున్నాయి నాన్నగారూ. ఇక్కడి అడవికి జింక పరాయిది. ఎప్పుడో ఓడల్లో తెచ్చి వదిలారు. మా టీములో అందరూ షూట్ చేయాలి."

"చేయాలంటే? చంపడమా? నువ్వా?"

"నేనే. పరీక్ష పాసయ్యాను. లైసెన్సొస్తే జాబ్ పర్మనెంటు. రాకపోతే మళ్లీ ఆ అట్టపెట్టెలే."

"కోడిగుడ్డు వాసనకే వాంతి చేసుకునేదానివి కదే!"

"ఇప్పుడూ చేసుకుంటాను. అది వేరు, ఇది వేరు. పోలీసుల తరఫున ఒకావిడ ఇంటికొచ్చి నా గురించి మిమ్మల్ని అడుగుతారు. దగ్గరి బంధువు చెప్పాలట. ఆయన ఊళ్లో ఉండరు కదా, మీ పేరిచ్చాను. ఆవిడ ముందు అదిరిపడకుండా ముందే చూపిద్దామని తీసుకొచ్చాను."

ప్రాచ్య కళాశాలలో జీవితమంతా కావ్యపాఠం చెప్పినవాణ్ణి. మృగయావర్ణన వచ్చిందంటే గొంతెత్తి, సమాసాలు విప్పి, తరగతి గదిని అడవి చేసేవాణ్ణి. ఆ పద్యాలలో బాణం తగిలిన జింక ఒక అలంకారంగా నేలకొరిగేది. దానికి నెత్తురుంటుందన్న సంగతి నాకుగాని, నా శిష్యులకుగాని పట్టలేదు.

దుకాణంలో గోడ పొడవునా తుపాకులు గొడుగుల్లా నిలబెట్టి ఉన్నాయి. యజమాని తెల్లగడ్డం మనిషి, మోకాళ్లు కనిపించే లాగు తొడుక్కున్నాడు. నాకు కుర్చీ వేసి, ఏ వేటకు కావాలని అమ్మాయిని అడిగాడు. అమ్మాయి ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి వచ్చింది. జింకకూ నల్ల ఎలుగుబంటికీ రెండింటికీ పనికొచ్చే పెద్ద తూటా కొలత, క్యాలిబర్ అంటారట, ఏదో పేరు చెప్పింది.

అతడు పగలబడి నవ్వాడు. "ఎలుగుబంటా! ఈ దేశంలో ఎలుగు కావాలంటే జూకి టికెట్టు కొనాలి తల్లీ. నువ్వు చదివింది అమెరికావాళ్ల గోల."

అయినా అమ్మాయి చెప్పిన ఆ పెద్ద తుపాకిని తీసి ఆమె భుజానికి ఆనించాడు. "ఇది పేలితే భుజాన్ని తంతుంది. తంతుందని భయమేస్తే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటావు. తూటా పోయి కడుపులో తగులుతుంది. పాపం, ఆ జింక తెల్లారేదాకా చావదు."

వాతావరణం సంగతి చెప్పినంత తాపీగా చెప్పాడు.

తరువాత మరి రెండు దించాడు. ఒకటి త్రీ నాట్ ఎయిట్, మరొకటి టూ ఫార్టీ త్రీ. మన పోలీసుల భుజాన వేలాడే త్రీ నాట్ త్రీ తప్ప మరో అంకె ఎరుగని నాకు అవి బీజగణితంలా వినిపించాయి. రెండోదాని తూటా సన్నం, తన్ను తక్కువ. చెట్ల గుబురులో దగ్గరి నుంచి, తగలవలసిన చోట తగిలిస్తే అదే చాలునన్నాడు. "ఏది పట్టుకుంటే నీకు భయం వేయదో అదే నీకు సరైన తుపాకి. ముంగాలి వెనుక, ఇక్కడ" అంటూ తన పక్కటెముకల మీద తట్టి చూపాడు.

మా అమ్మాయి చంక కింద తన పక్కటెముకలను వేలితో నొక్కుకుని "ఇక్కడేనా?" అని అడిగింది. ఆ వేలిని చూసి నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. సన్నతూటా తుపాకినే ఎంచుకుంది. లైసెన్సు వచ్చాక తీసుకువెళ్లమని అతడు దానిని పక్కన పెట్టాడు.

మరుసటి వారం ఆ అధికారిణి వచ్చింది. ఖాకీ లేదు, లాఠీ లేదు. ఊలు కోటు తొడుక్కున్న పెద్దావిడ. టీ తాగి, అమ్మాయిని పెరట్లోకి పంపి, కాగితాలు తీసింది. మనిషికి కోపమెక్కువా? తాగుతుందా? ఇంట్లో కొట్లాటలున్నాయా? ప్రాణం తీసుకుంటానని ఎప్పుడైనా అన్నదా? కన్నతండ్రిని ఎదుట కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలా ఇవి!

మా అమ్మాయి గుణగణాలను పరాయివారు విచారించిన సందర్భం నా జీవితంలో మరొక్కటే ఉంది, పెళ్లిచూపులు. నా నాలుకకు ఆ పాఠమే అలవాటు.

"కోపమంటే ఎరుగదు. తలవంచుకుని పోతుంది. పెద్దల మాట జవదాటదు. అడిగినవారికి లేదనడం దానికి చేతకాదు."

"తుపాకి బీరువా తాళం భర్త అడిగితే?"

"భర్త అడిగితే ఇవ్వకపోవడమేమిటమ్మా!" అన్నాను సగర్వంగా.

"మీరడిగితే?"

"నేను నోరు తెరవకముందే తెచ్చిస్తుంది."

ఆమె కలం ఆగిపోయింది. కళ్లద్దాలు తీసింది. "లైసెన్సు ఆమె ఒక్కతికే. తాళం ఇంకెవరి చేతికీ పోకూడదు. ఎవరికీ కాదని చెప్పలేని మనిషికి తుపాకి ఇవ్వమని నేనెలా రాయను?"

నేను ఆభరణాలుగా తొడిగినవన్నీ ఆమె కాగితం మీద నేరాలుగా మారుతున్నాయి. కిటికీలోంచి చూస్తే అమ్మాయి తీగమీద బట్టలు తీస్తూ, మాటిమాటికీ ఇటే చూస్తోంది. ఇక నేను మౌనంగా ఊరుకుంటే చాలు. తుపాకి రాదు, ఈ ఇంట హింస ఉండదు. అమ్మాయి మాత్రం సోమవారం నుంచి మళ్లీ చీటీలు అతికిస్తుంది.

"నేను చెప్పింది నిజం కాదు" అన్నాను.

"మరేమిటి?"

"అది పెళ్లివారికి చెప్పే మాట."

"ఎవరి పెళ్లి?" అందామె తెల్లబోతూ.

అప్పుడు చెప్పాను. క్రితం చలికాలం నా చూపు మందగించి, పక్కింటివారి ఉత్తరాల పెట్టెను కారుతో గుద్దాను. ఆ సాయంత్రమే అమ్మాయి నా దగ్గర కారు తాళం లాక్కుంది. అరిచాను. అన్నం మానేసి అలిగాను. విజయవాడ నుంచి మా అన్నయ్యగారి చేత ఫోను చేయించాను. "అలగండి నాన్నగారూ. అన్నం మూతపెట్టి ఉంచాను. తాళం మాత్రం అడగొద్దు" అంది. ఈనాటికీ ఇవ్వలేదు.

"ఇప్పుడు మీ చూపెలా ఉంది?"

"మా అమ్మాయి చెప్పినట్టే ఉంది, కారుకు పనికిరాదు."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు రాసుకుంది.

ఆమె వెళ్లాక అమ్మాయి బట్టల బుట్టతో లోపలికి పరుగెత్తుకొచ్చింది. "ఏం చెప్పారు?"

"నువ్వు మొండిఘటానివని చెప్పాను."

"నాన్నగారూ! పోలీసావిడకా?"

లైసెన్సు వచ్చింది, కొలువు స్థిరపడింది. అమ్మాయి మొదటిసారి తుపాకితో అడవికి వెళ్లిననాడు నాకు ముద్ద దిగలేదు.

ఆ శుక్రవారం అల్లుడు వచ్చాడు. గోడకు బిగించిన ఇనుప బీరువా ముందు నిలబడి చెయ్యి చాపాడు. "ఏదీ, తాళం ఇలా పడెయ్. ఒకసారి చూస్తాను."

"నేను తీసి చూపిస్తాను. తాళం ఇవ్వను."

అల్లుడు నివ్వెరపోయి నా వైపు తిరిగాడు. "చూశారా మావయ్యగారూ! మీరైనా చెప్పండి!"

"అడగకు నాయనా" అన్నాను. "అన్నం మానేసినా ఇవ్వదు."