మంచంల ఉన్నామె, కాఫీ తెచ్చినామె

నిన్న నేను చేసిన పని చెప్తే మీరు చాయ కప్పులు కింద పెట్టి నవ్వుతరు. నవ్వుకోండ్రి. నాకైతే ఇంక నవ్వొస్తలేదు. పదకొండేండ్ల సంది అంబులెన్సుల చేస్తున్న గద, నిన్న ఇరవై నిమిషాలు ఒకామెను నెత్తి నుంచి కాలిగోరు దాక చెక్ చేసిన. పేషెంట్ ఆమె కాదు!

నా తర్వాత రావాల్సినామె రాలే, రెండో షిఫ్టు గూడ నా మీదనే పడ్డది. మధ్యాహ్నం మూడైంది, తిన్నది లేదు, నడుము వాల్చింది లేదు. బోధన్ అవతల కాలువ కింద ఊరి నుంచి కాల్ వచ్చింది. స్క్రీన్ మీద ఏమున్నది? ఆడమనిషి, అరవై ఏండ్లు, నీరసం. గంతే.

ఇసొంటి కాల్ అంటేనే నాకు భయం. కాలు విరిగితే కనవడ్తది, రక్తం కారితే కనవడ్తది. పానం మంచిగ లేదంటే ఏం చూడాలె? గ్యాస్ కావచ్చు, షుగర్ పడిపోయి ఉండొచ్చు, గుండె కావచ్చు, ఇంట్ల కొట్లాట గూడ కావచ్చు. గందుకే నోటిని అడిగే ముందు ముఖం చూడాలె అంటం. రంగు మారిందా, చెమట పట్టిందా, నడుస్తుంటే తూలుతుందా? పోయిన నెల కొత్తగ వచ్చినోళ్లకు ఈ పాఠం చెప్పింది ఎవరనుకున్నరు? నేనే.

మా డ్రైవర్ నర్సింలన్న బండి గేటు ముందట ఆపిండు. తాతల కాలంల ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి పొలాలు చేసుకుంటున్నోళ్ల ఇల్లు. గేటు తీసిన ఇంటామెకు తల సగం నెరిసింది, అంబులెన్సును చూసి పరేషాన్ అయింది. "ఆయన ఫోన్ చేశారా? పోన్లెండి, ఇన్నాళ్లకి అత్తయ్య బాధ పట్టించుకున్నారు" అనుకుంట లోపలి అర్రలకు తోలుకపోయింది. మంచంల ముసలామె పండుకొని ఉన్నది. ఇగ అనుమానమేముంది?

"అవ్వా, ఏమైతుంది?" అన్న. గా మాట కోసం ఎన్నేండ్ల సంది చూస్తుందో ఏమో! మోకాళ్లు, నడుము, ఎడమ చెవుల చప్పుడు, నిద్ర పట్టకపోవుడు, కోడలు కూరల ఉప్పు తక్కువేసుడు, అన్ని చెప్పింది. వయసు అడిగితే అరవయ్యో డెబ్బయ్యో అన్నది. ముఖం చూస్తే ఎనభైకి తక్కువ లేదు. నేనేం చేసిన? కాయితంల అరవై రాసిన. స్క్రీన్ మీద గదే ఉంది గద, ఎందుకు పంచాయితి!

బీపీ మంచిగున్నది. షుగర్ మంచిగున్నది. ఆక్సిజన్ నాకన్న ఎక్కువున్నది. అన్ని మంచిగుంటే నాకే అనుమానమొచ్చి మళ్ల మొదటి నుంచి చూసిన.

ఇంతల కోడలు కాఫీ తెచ్చింది. ఆ ఇంట్ల గడప తొక్కినోళ్లకు కాఫీ ఇయ్యకుండ పంపరంట. ట్రే కింద పెట్టి దర్వాజ పట్టుకొని జరసేపు నిలవడ్డది. ముఖం పాలిపోయింది, నొసలంత చెమట, చేత్తోని దవడ రుద్దుకుంటున్నది. నేను అన్ని చూసిన. చూసి ఏమన్న? పొయ్యికాడ ఉడుక పోస్తున్నట్టుంది, ఫ్యాన్ కింద కూసోండ్రి అన్న. అని కాఫీ తాగిన. మస్తుగ ఉండె. నర్సింలన్న అయితే ఇంకో కప్పు అడిగిండు, ఆమె పోయి పెట్టుకొచ్చింది.

గప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగింది. మోకాళ్ల దాక బురదతోని ఇంటాయన ఉరికొచ్చిండు. అవ్వ చెయ్యి పట్టుకున్న నన్ను చూసి నిలవడిపోయిండు.

"మా అమ్మని చూస్తున్నారేంటి? నేను ఫోన్ చేసింది మా ఆవిడ కోసం. పొద్దున్నుంచీ నలతగా ఉందంటోంది."

అందరం వంటింటి దిక్కు తిరిగినం. ఆమె మా కప్పులు కడుగుతున్నది. "నాకేం లేదండీ, కొంచెం నలత, అంతే" అని, అట్లనే గోడకు ఆనుకొని కింద కూలవడ్డది.

నా అలసటంత యాడికి పోయిందో! బీపీ కిందికి దిగింది, నాడి ఒకటి కొట్టుకుంటే ఒకటి ఆగుతున్నది. ఛాతిల నొప్పుందా అంటే లేదన్నది, దవడ గుంజుతుందంట, వీపు మీద బరువు పెట్టినట్టుందంట. మా కాల్ సెంటర్ డాక్టర్ ఫోన్ల చెప్పిన గోలీలు వేసి స్ట్రెచర్ ఎక్కించినం. నిజామాబాద్ దాక నర్సింలన్న హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యలే. నేను ఆమె చెయ్యి ఇడువలే. ఈమెకు ఏమన్నయితే నేను తాగిన కాఫీ నాకు జన్మంత అరగదు, దేవుడా అనుకుంట కూసున్న.

గుండెపోటే. టైముకు తెచ్చిర్రు, గండం గడిచిందన్నడు దవాఖాన్ల డాక్టర్ సార్. ఛాతి నొప్పి లేకున్న మంచిగ గుర్తు పట్టినవని మెచ్చుకున్నడు గూడ. అబద్ధమాడబుద్ధి కాలే, జరిగింది జరిగినట్టు చెప్పిన. సార్ చేతిల కాయితాలు పక్కకు పెట్టి, పోయి ఏమన్న తినమ్మా అన్నడు.

ఇయ్యాల పొద్దున నర్సింలన్న ఫోన్‌కు ఇంటాయన చేసిండు. నిన్న దారి అడగనీకి మేం చేసిన నంబరే. ఫోన్ నా చేతికిచ్చేసరికి, ముందుగాల ఆమె ఎట్లుందని అడిగిన. ఆమె మంచిగనే ఉందంట, రెండు ఇడ్లీలు తిన్నదంట. హమ్మయ్య అనుకున్న.

"ఇంకో మాటమ్మా," అన్నడు. "మా అమ్మకి నిన్నటి నుంచి మోకాళ్ల నొప్పులు లేవంట. ఆ డాక్టరమ్మనే మళ్లీ పంపమంటోంది."

పదకొండేండ్లల నా చేతిల పూరాగ నయమైన పేషెంట్ గా అవ్వ ఒక్కతే. ఆమె కోసం మమ్ములను ఎవ్వరు పిలువనే లేదు.