మోకాలి లోతు నీళ్లు

ఆ రోజు ఆకివీడు నుంచి ఏలూరు వచ్చే బస్సులో మేం ముగ్గురు స్నేహితులం చిక్కుప్రశ్నలు ఆడుకుంటున్నాం. ప్రశ్నలన్నీ నేను లైబ్రరీలో చదివి నోట్సులో రాసుకున్నవే. వాళ్లు ఎన్ని అనుమానాలైనా అడగొచ్చు, నేను మాత్రం అవును, కాదు అనే చెప్పాలి.

“బాగా ఈత వచ్చిన మనిషి మోకాలి లోతు నీళ్లలో చచ్చిపోయాడు. ఎలాగ?” అన్నాను.

“తాగి ఉన్నాడేంట్రా?”

“కాదు.”

“ఫిట్స్ వచ్చాయా?”

“కాదు. బుర్ర వాడండ్రా కాస్త.”

ముందు సీట్లో కూర్చున్న ఒకావిడ మా వైపు తిరిగింది. ఒళ్లో కాగితాలున్న ప్లాస్టిక్ కవరు ఉంది. “నీళ్లలోకి కరెంటు వచ్చిందాండి బాబూ? నీళ్లలో గాలి కొట్టే ఏరియేటర్ వైరు తెగి పడుంటాదండి” అంది.

“కాదండి” అన్నాను వెంటనే. జవాబు నాకొక్కడికే తెలుసన్న గర్వం అది.

ఆవిడ ఒళ్లోని కవరు తట్టి చూపించింది. “మా ఆయన అలాగే పోయారండి, కలిదిండి దగ్గర రొయ్యల చెరువులో. చెరువు ఆసామి గుండెపోటని రాయించేశాడు. పరిహారం కోసం ఏ ఆఫీసులో అడిగినా కరెంటు కాదనే అంటున్నారండి. చదువుకున్నోరు కదా, మీరన్నా అవునంటారనుకున్నాను.”

ఆవిడ ముందుకు తిరిగి కూర్చుంది.

“ఇంతకీ జవాబేంట్రా?” అని మావాడు నెమ్మదిగా అడిగాడు.

“లోతుగా ఉందనుకుని గట్టు మీంచి తలకిందులుగా దూకాడు” అన్నాను. నేను కాదన్నది ఈ ప్రశ్నకేనని ఆవిడకు కూడా తెలియాలని కాస్త గట్టిగానే చెప్పాను.