మిరప తోటవైపు తిప్పిన మైకు

చండ్రుగొండ చుట్టుపక్కల ఏ బడిలో వార్షికోత్సవం జరిగినా మైకు సెట్టు లచ్చిరాందే. ఏళ్ల తరబడి ఊళ్లో పిల్లలందరి పేర్లూ అతని మైకులోనే మోగాయి. ఈసారి అతని కూతురు ఉషారాణి పేరు మోగాలి. పరుగుపందెంలో ఆ పిల్లే ఫస్టు. కానీ వార్షికోత్సవం నాడు పొద్దున్నే వానమబ్బు పట్టింది. తడిస్తే పంట పోయినట్టేనని, ఆ పిల్ల తల్లితో కలిసి వాగు అవతలి కౌలు తోటలో మిరపకాయలు ఏరడానికి పోయింది.

"పేరన్న ఇంటది పిల్ల," అనుకుని లచ్చిరాం ఒక మైకు గొట్టాన్ని తోటవైపు తిప్పి కట్టాడు.

సాయంత్రం సారు పిలిచారు. "పరుగుపందెం ఫస్టు, ఉషారాణి! ఏంది, రాలేదా?"

రాని పిల్లల బహుమతి ఆ వెనక వచ్చినవాళ్లకు ఇచ్చేయడం ఆ బడికున్న పాడు అలవాటు. అన్నేళ్లు చూసినవాడే, సంబరంలో లచ్చిరాం ఆ సంగతే మరిచాడు.

"సరే, ఈ షీల్డు సెకండొచ్చిన మధులతకు ఇస్తున్నం!"

అతని చెయ్యి మైకు ఆపేలోపే చప్పట్లు కూడా వాగు దాటిపోయాయి.

లచ్చిరాం ఇంటికొచ్చేసరికి ఉషారాణి మంటలెత్తుతున్న చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. తల ఎత్తకుండానే అంది:

"మైకు మంచిగ వినబడ్డది నాయినా. అంతా వినబడ్డది."