బాపు ఓడ దిగాలంటే ఇంకో కెప్టెన్ ఎక్కాలి

మా చిన్నప్పుడు... గౌలిపురలో మా ఇంట్లో ఫోన్ మోగితే చాలు, నేనూ అమ్మా ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తేవాళ్లం.

మా బాపు సరుకుల ఓడకు కెప్టెన్. పాలు పోసే ఇంట్లో పుట్టి సముద్రమెక్కాడు. గల్లీలో అందరికీ 'కప్తాన్ సాబ్'... మాకు మాత్రం ఎప్పుడొస్తాడో తెలియని మనిషి! కెప్టెన్ సెలవు పెట్టేసి దిగిపోవడానికి లేదు మరి. ఇంకో కెప్టెన్ వచ్చి, ఓడ అప్పగించుకుంటేనే దిగాలి.

అందుకే ముక్కూ మొహం తెలియని ఆ రెండో కెప్టెన్ కోసం మా నానమ్మ దేవుడికి మొక్కేది.

ఒక ఏడాది బోనాల పండుగకు వస్తానన్నాడు బాపు. ఇంటికి సున్నం వేయించి, కుండకు పసుపు రాసి ఎదురుచూస్తున్నాం... ఫోన్ వచ్చింది. ఓడ ఎక్కాల్సిన కెప్టెన్‌కు జ్వరమట!

"ఆయనకు ఇప్పుడే రావాల్నా జ్వరం!" అని లొల్లి చేశాను.

"నోరు మూయ్! ఆయన సల్లగుంటేనే మీ బాపు ఇల్లు జేరుతడు" అని నానమ్మ కసిరింది.

బోనాలు వెళ్లిపోయాక ఎప్పుడో వచ్చాడు బాపు. కుదురుగా కూర్చునేవాడా? మేడెక్కి మబ్బులు చూసేవాడు, దిగొచ్చి నల్లాలో నీళ్లొస్తున్నాయో లేదో చూసేవాడు. ఆయన వెనకాలే నేను... బడికి పోవాలన్నా భయమే, వచ్చేసరికి ఉంటాడో ఉండడోనని. "దసరాకు ఈడనే ఉంట, ఫికర్ జెయ్యకు" అని మాటిచ్చాడు.

దసరా ఇంకా రానేలేదు... మళ్లీ ఫోన్. వెంటనే బయల్దేరమన్నారు.

నేను బాపు లుంగీ పట్టుకుని ఏడ్చాను. "జ్వరమొచ్చిందని చెప్పు బాపూ!"

బాపు నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "ఆడ ఒక కప్తాన్ పెట్టె సదురుకోని నా కోసం జూస్తున్నడు బిడ్డా. నేను ఎక్కితేనే ఆయన దిగుతడు."

"ఆయనకు గూడ పిల్లలున్నరా?"

"ఉన్నది... నీ అసొంటి బిడ్డనే."

ఆ పిల్ల మీద మస్తు కోపమొచ్చింది నాకు. కానీ వాళ్లింట్లో కూడా ఎవరో మా బాపు చల్లగా ఉండాలని మొక్కుతుంటారు కదా అనిపించింది... లుంగీ వదిలేశాను.

ఇప్పుడు ఓడ మీదున్నవాళ్లు రోజూ వీడియోలో కనిపిస్తారట... పిల్లలతో మాట్లాడతారట. అదృష్టవంతులు! మాకు గొంతు వినబడితే అదే పండుగ.

మీ ఇళ్లలో ఎవరి కోసం ఇట్లా ఎదురుచూశారో రాయండి... చదువుతాను. ఆ రోజు ఓడ మీద మా బాపు కోసం చూసిన కెప్టెన్ గారి బిడ్డా, ఒకవేళ నువ్వు ఇది చదువుతుంటే ఒక్క మాట చెప్పు తల్లీ... ఆ దసరాకు మీ నాన్న ఇంట్లోనే ఉన్నాడా?